లైట్లు ఆరాక కొట్టిన కరెంటు: చామంతి పాలీహౌస్‌లో ఒక కేసు

డిసెంబరు రెండో వారంలో చేవెళ్ల వైపు నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. "అన్నా, పాలీహౌస్‌ల షాక్ కొడుతుందంట. ఆడోళ్లు లోపలికి పోమంటున్రు. జర వచ్చి చూసిపో." ఎకరం పాలీహౌస్, సగం జెర్బెరా, సగం చామంతి. రెండేళ్ల కింద బోరు స్టార్టర్ పని మీద ఒకసారి వెళ్లాను. లోపలి వైరింగు మాత్రం నేను చేసింది కాదు.

ఈ కేసులో మొదటిసారి వెళ్లినప్పుడు "ఏమీ లేదు" అని చెప్పి వచ్చేశాను. మూడు రోజుల తర్వాత ఒకావిడ చెయ్యి తీగకు పట్టుకుపోయింది. పక్కనున్న మనిషి ప్లాస్టిక్ బకెట్‌తో ఆ తీగను కొట్టి విడిపించింది కాబట్టి ఆవిడ బతికింది. గ్రీన్‌హౌస్‌లలో పని చేసే ఎలక్ట్రీషియన్లు నాలా పొరబడకూడదని కొలతలతో సహా రాస్తున్నాను.

చామంతికి రాత్రి లైట్లు

పాలీహౌస్ పని కొత్తగా పట్టుకున్నవాళ్లకు ఇది ముందు తెలియాలి. చామంతి పొట్టి పగటి మొక్క. రాత్రి పొడుగైతే మొగ్గ వేస్తుంది. నవంబరులో నాటిన మొక్కను దాని మానాన వదిలేస్తే జానెడు పెరగకుండానే మొగ్గ తొడుగుతుంది. కాడ రాదు, కాడ లేని పువ్వుకు గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో ధర రాదు. అందుకని నాటిన తర్వాత నాలుగైదు వారాలు నడిరాత్రి లైట్లు వేసి ఆ పొడుగు రాత్రిని రెండు ముక్కలు చేస్తారు. ఈ రైతు పది నుంచి రెండింటి దాకా వేస్తున్నాడు. శివరాత్రి మార్కెట్ పట్టుకోవాలని ఆయన లెక్క.

2,000 చదరపు మీటర్లలో 14 వరుసలు, వరుసకు 14 బల్బులు, మొత్తం 196. ఒక్కోటి 9 వాట్ల ఎల్ఈడీ. అన్నీ కలిపి 1,764 వాట్లు, ఎనిమిది ఆంపియర్లకు అటూ ఇటూ. సింగిల్ ఫేజ్ మీదే నడుస్తున్నాయి. పంపు షెడ్డులోని మెయిన్ ప్యానెల్ నుంచి రెండు కోర్ల కేబుల్ కాలవలో పడుకుని లోపలికి వచ్చి ఒక చిన్న పెట్టెలో చేరుతుంది. అందులో రెండు పోళ్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే పడిపోయే స్విచ్), టైమరు, ఒక పోలు కాంటాక్టరు (టైమరు చెప్పినప్పుడు ఒక్క వైరునే కలిపి, తెంపే స్విచ్) ఉన్నాయి. అక్కడి నుంచి వరుసలకు వైరు. బెడ్ల మీద అయిదడుగుల ఎత్తున ఈ కొస నుంచి ఆ కొసకు జీఐ తీగ (జింకు పూత వేసిన ఇనుప తీగ) లాగి, దానికి వైరును కట్టి, బల్బు ఉన్నచోటల్లా వైరు ఒలిచి హోల్డరు కలిపి టేపు చుట్టారు. అంటే 196 చోట్ల టేపు జాయింట్లు.

జీఐ తీగ రెండు కొసలనూ స్తంభాలకు నైలాను తాడుతో కట్టారు. మొక్క పెరిగేకొద్దీ లైట్లు పైకి జరపాలి కదా, తాడయితే ముడి విప్పి బిగించడం సులువు. మొదటి రోజు ఆ తాళ్లు నా కంటికి కనబడ్డాయి, కానీ మనసుకు ఎక్కలేదు.

మొదటి రోజు, మధ్యాహ్నం పన్నెండు

నేను చేరేసరికి ఎండ బాగా ఉంది. లోపల పొడిగా, వెచ్చగా ఉంది. "ఇనుము ముట్టుకుంటే కొడుతుందంట" అని రైతు చెప్పాడు. ఇనుము అనగానే నేను స్తంభాలు అనుకున్నాను. పాతిక స్తంభాల దగ్గర మట్టిలో మేకు దిగ్గొట్టి వోల్టేజి చూశాను. ఎక్కడా అర వోల్టు దాటలేదు. దాటదు కూడా. పాలీహౌస్ స్తంభాలు కాంక్రీటు గుంతల్లో ఉంటాయి, డ్రిప్ నీళ్లతో ఆ నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది, పైన పైపులన్నీ బోల్టులతో ఒకదానికొకటి కలిసి ఉంటాయి. ఆ కట్టడమంతా ఒక పెద్ద ఎర్త్. దానికి వోల్టేజి ఎక్కాలంటే లీకు చాలా పెద్దదై ఉండాలి.

లైట్ల ఎంసీబీ దింపి, ఫేజూ (కరెంటు తెచ్చే వైరు) న్యూట్రలూ (తిరిగి తీసుకెళ్లే వైరు) కలిపి, ఎర్త్‌కు 500 వోల్ట్ల మెగ్గర్ (వైరు నుంచి కరెంటు లీకయ్యే అవకాశం ఎంతో కొలిచే మీటరు) పెట్టాను. ఆ రెండూ కలపకుండా మెగ్గర్ తిప్పితే ఎల్ఈడీల లోపలి డ్రైవర్లు పోవచ్చు, గుర్తుంచుకోండి. 18 మెగాఓమ్ వచ్చింది. ఒక మెగాఓమ్ ఉంటే చాలనేది మనం నేర్చుకున్న లెక్క, కాబట్టి తృప్తి పడ్డాను. ఆర్‌సీసీబీ మీట పైకే ఉంది. దాని టెస్ట్ బటన్ నొక్కలేదు.

బయల్దేరుతుంటే రైతు ఒక మాటన్నాడు. "బంద్ అయినంక గూడ బల్బులు సన్నగ మెరుస్తయి అన్నా, గదేందో." చవక ఎల్ఈడీలు అలాగే చేస్తాయిలే అన్నాను. కేసు మొత్తం ఆ ఒక్క మాటలోనే ఉంది. నేను వినిపించుకోలేదు.

పట్టుకుపోయిన చెయ్యి

మూడో రోజు ఉదయం ఏడింటికి ఫోన్. జెర్బెరా కోసి బకెట్లు పట్టుకుని చామంతి బెడ్ల మధ్య నుంచి వస్తున్న ఒకావిడ, దారికి అడ్డంగా సాగిన తీగను ఎడమ చేత్తో పైకెత్తింది, కుడి చెయ్యి స్తంభం మీద వేసింది. కాళ్లకు చెప్పులు లేవు. "చెయ్యి ఊడిరాలే సారూ. అరుద్దామంటే నోరు రాలే" అని తర్వాత నాతో చెప్పింది. చేతి మీద చిన్న ఎర్రటి మచ్చ తప్ప పైకి ఏమీ కనిపించలేదు. అయినా ఆస్పత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించమని పట్టుబట్టాను, రైతు వెంటనే తీసుకెళ్లాడు. కరెంటు గుండె మీదుగా ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోయినప్పుడు మనిషి లేచి నడుస్తున్నాడు కదా అని ఊరుకోకూడదు.

ఆవిడతో మాట్లాడాకే రెండు విషయాలు తెలిశాయి. కొట్టింది స్తంభం కాదు, లైట్ల తీగ. కొట్టేది పొద్దుగాల మాత్రమే, ఎండ ఎక్కాక ఎవరికీ ఏమీ కాలేదు. నెల రోజులుగా వాళ్లంతా ఈ సంగతి చెబుతూనే ఉన్నారు. మొదటి రోజు నేను రైతును అడిగాను గానీ షాక్ తిన్నవాళ్లలో ఒక్కరినీ అడగలేదు.

పొద్దుటి సమయం అనగానే ఇంకో చిక్కు వచ్చింది. లైట్లు రెండింటికే ఆరిపోతాయి. ఆరున్నరకు కరెంటు ఎక్కడిది?

రాత్రంతా లోపలే

ఆ రాత్రి పంపు షెడ్డులోనే పడుకున్నాను. రబ్బరు గ్లవ్స్, బూట్లు, లీకేజీ క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టించి లీకు కరెంటు కొలిచేది), మల్టీమీటరు, ఒక 10 కిలో ఓమ్ రెసిస్టరు వెంట ఉంచుకున్నాను.

సరిగ్గా రెండింటికి కాంటాక్టరు టక్కుమంది. లైట్లు ఆరాయి, కానీ పూర్తిగా కాదు. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక చూస్తే 196 బల్బులూ మిణుగురుల్లా సన్నగా వెలుగుతున్నాయి. పెట్టెలోకి వచ్చే కేబుల్ రెండు కోర్లనూ కలిపి క్లాంప్ పెట్టాను. రెండింటిలో పోయే కరెంటూ వచ్చే కరెంటూ సమానమైతే మీటరు సున్నా చూపాలి. 60 మిల్లీ ఆంపియర్లు చూపింది. లైట్లు ఆఫ్‌లో ఉన్నాయి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మీట పైకే ఉంది, 60 పోతూ ఉంది. అప్పుడు టెస్ట్ బటన్ నొక్కాను. మీట పడిపోయింది. బల్బుల మిణుకు మాత్రం పోలేదు. పెట్టె వెనక పట్టీ విప్పి చూస్తే ఆర్‌సీసీబీ పైనుంచి కిందికి రెండు వైరు ముక్కలు కలిపి ఉన్నాయి. ఎవరో దాన్ని బైపాస్ చేశారు.

నాలుగు దాటాక మంచు పట్టింది. 200 మైక్రాన్ల ప్లాస్టిక్ పొర లోపలి వైపు చెమట పోసినట్టు నీళ్లు చేరి, చుక్కలు చుక్కలుగా వైర్ల మీద పడ్డాయి. వైరు వెంట జారిన చుక్క సరిగ్గా టేపు జాయింటు దగ్గర ఆగుతుంది. ఆ టేపు మీద నెలల తరబడి చల్లిన 19:19:19 ఎరువు, శిలీంధ్ర మందుల ఉప్పు పేరుకుని ఉంది. వట్టి మంచు నీరు కరెంటును పెద్దగా మోయదు. ఉప్పు కలిసిన నీరు బాగా మోస్తుంది.

అయిదున్నరకు మళ్లీ క్లాంప్ పెట్టాను. 168 మిల్లీ ఆంపియర్లు.

ఆవిడ పట్టుకున్న తీగకూ స్తంభానికీ మధ్య మల్టీమీటరు పెడితే 146 వోల్టులు. మల్టీమీటరు ఒక్కోసారి దొంగ వోల్టేజి చూపిస్తుంది. పక్కన లైవ్ వైరు ఉంటే చాలు, తాడుతో వేలాడే తీగ మీద ఉత్తుత్తి అంకె వస్తుంది. ఆ అనుమానం తీర్చుకోవడానికే రెసిస్టరు తెచ్చాను. దాన్ని తీగకూ స్తంభానికీ మధ్య కలిపితే దొంగ వోల్టేజి అయితే కుప్పకూలాలి. ఇక్కడ 101 వోల్టులు నిలబడింది, పది మిల్లీ ఆంపియర్లు పారింది. అంటే ఆ తీగ వెనకున్న అడ్డు దాదాపు నాలుగున్నర కిలో ఓమ్ మాత్రమే. తడి చేతుల మనిషి శరీరం వెయ్యి, రెండు వేల ఓమ్‌ల మధ్య ఉంటుందనుకుంటే ఆవిడ గుండా 22 నుంచి 27 మిల్లీ ఆంపియర్లు పోయి ఉంటుంది. పది దాటితే చాలామంది ఆడవాళ్లకు పట్టు విడిపించుకోవడం కుదరదు. ఆ అంకె కాగితం మీద వేసుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఫేజు ఎటు పోయింది

లైట్లు ఆఫ్‌లో ఉండగా ఒక హోల్డరు నుంచి బల్బు తీసి రెండు పిన్నుల్లో టెస్టరు పెట్టాను. ఒకటి వెలిగింది. బల్బు తిరిగి పెట్టి వరుస చివర కనెక్టరులో చూస్తే రెండు వైర్లూ వెలిగాయి. ఇది తెలియని ఎలక్ట్రీషియన్ ఉండడు: న్యూట్రల్ ఎక్కడో తెగింది. ఇక్కడ తెగలేదు, కాంటాక్టరే దాన్ని తెంపుతోంది. పెట్టెలో కాంటాక్టరు ఎర్ర వైరు మీదే ఉంది, బిగించినవాళ్లు సరిగ్గానే బిగించారు. కానీ పెట్టెలోకి వచ్చే ఎర్ర కోరులో న్యూట్రల్ ఉంది, నల్ల కోరులో ఫేజు ఉంది.

తెల్లారాక కాలవ వెంట కేబుల్ వెతుక్కుంటూ పోయాం. డ్రిప్ హెడర్ పక్కన ఒక జాయింటు దొరికింది. వానాకాలంలో ఎలుకలు కొరికితే రాత్రిపూట సెల్‌ఫోన్ వెలుగులో తోటలో పని చేసే కుర్రవాడు అతికాడట. బురద పట్టిన కోర్లు రెండూ నల్లగానే కనిపించి ఉంటాయి. ఎర్ర దాన్ని నల్ల దానికి కలిపాడు. లైట్లు వెలిగాయి కాబట్టి పని అయిపోయిందనుకున్నారు. తారుమారైనా బల్బు వెలుగులో తేడా ఉండదు.

తేడా వచ్చేది ఆఫ్ చేసినప్పుడే. ఒక పోలు స్విచ్ న్యూట్రల్‌ను కోస్తే దీపం ఆరుతుంది, కానీ వైరంతా ఫేజు మీదే ఉండిపోతుంది. న్యూట్రల్‌లో విడిగా స్విచ్ గానీ ఫ్యూజు గానీ ఉండకూడదని 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్ 32వ నియమమే చెప్పింది. మనవాళ్లు దాన్ని పరీక్ష కోసం చదివి మరిచిపోతారు. ఇక్కడ రోజుకు ఇరవై నాలుగు గంటలూ 196 జాయింట్లు 230 వోల్టుల మీద ఉన్నాయి. మనుషులు లోపలుండే గంటలు, జాయింట్లు తడిసే గంటలు పొద్దుట ఆరూ ఎనిమిదీ మధ్య ఒకదానిమీద ఒకటి పడ్డాయి. మధ్యాహ్నం నా మెగ్గర్‌కు దొరికింది ఎండిన జాయింట్ల 18 మెగాఓమ్.

మరి తాడు సంగతి. జీఐ తీగను నేరుగా స్తంభానికి కట్టి ఉంటే లీకైన కరెంటు స్తంభం గుండా భూమిలోకి పోయేది, తీగకు వోల్టేజి ఎక్కేది కాదు. నైలాను తాడు ఆ దారి మూసింది. తీగ గాలిలో వేలాడుతూ తన మీద పడిన ఫేజును దాచిపెట్టుకుంది. ఆవిడ చెయ్యి వేసినప్పుడు దారి తెరుచుకుంది.

ఆర్‌సీసీబీని ఎవరు తీశారు

రైతును నిలదీశాను. దాచలేదు. కిందటి చలికాలం అది రాత్రుళ్లు పదే పదే పడేదట. పదకొండింటికి పడితే పొద్దుట దాకా ఎవరికీ తెలియదు, ఆ రాత్రి లైటు లేనట్టే. అలా వారంలో మూడు నాలుగు రాత్రులు పోయి, ఒక బ్యాచి మొత్తం కురచ కాడల మీద మొగ్గ వేసింది. పిలిచిన ఎలక్ట్రీషియన్ "ఈ చెమ్మలో ఇది నడవదు" అని బైపాస్ చేసి వెళ్లాడు. ఆ ఏడాది పంట నిలబడింది.

రైతు మీద నాకు కోపం రాలేదు. మొక్కకు రాత్రి లైటు తప్పిపోతే ఏమవుతుందో ఆయన నష్టపోయి నేర్చుకున్నాడు. బైపాస్ చేసిన మనిషి మీద మాత్రం వచ్చింది. చెమ్మలో ఆర్‌సీసీబీ పడిందంటే చెమ్మలో ఎక్కడో లీకు ఉందని అర్థం. అది మన వృత్తికి మొదటి పాఠం. మొత్తం 196 బల్బులనూ ఒకే ఆర్‌సీసీబీ కింద పెట్టడం కూడా తప్పే. ఒక్క జాయింటు తడిస్తే పంటంతా చీకటి. అలా పెడితే ఎవరో ఒకరు దాన్ని తీసేయకుండా ఉండరు.

అదే రోజు చేసినవి

మొక్కలు మూడో వారంలో ఉన్నాయి. అప్పుడు లైట్లు ఆపితే మొగ్గ వచ్చేస్తుంది. జాయింట్లన్నీ మార్చడానికి కనీసం ఆరు రోజులు. ఈ మధ్య ఆరు రాత్రులు ఏం చెయ్యాలన్నది ఈ కేసులో నాకు అన్నిటికంటే కష్టమైన నిర్ణయం.

ముందు మెయిన్ దింపి కాలవలో జాయింటు కోసి ఫేజు, న్యూట్రల్ సరిచేశాను. దాంతో లైట్లు ఆఫ్ అంటే నిజంగా ఆఫ్. తర్వాత 14 తీగలనూ రెండు కొసల్లో జీఐ తీగతోనే స్తంభాల బోల్టులకు బిగించాం. రాగి వైరు వాడలేదు. జీఐకీ రాగికీ ఆ తడిలో పడదు, ఏడాదిలో జీఐ తినేసి కనెక్షన్ వదులవుతుంది. అన్నిటికంటే ఎక్కువ తడిసిన మూడు వరుసలను ఆ రోజుకు విప్పేశాం. బైపాస్ ముక్కలు కోసేసి, 300 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తాత్కాలికంగా పెట్టాను. అది మనిషిని కాపాడేది కాదు, మంటల నుంచి కాపాడేది. ఆ సంగతి రైతుకు మూడుసార్లు చెప్పాను. రాత్రి తొమ్మిదిన్నర నుంచి రెండున్నర దాకా పాలీహౌస్‌కు తాళం, తాళంచెవి రైతు దగ్గరే. పొద్దుట ఆయనే వచ్చి ఎంసీబీ దింపాకే తలుపు తీయాలి. ఇంతకంటే మంచి దారి అప్పుడు నాకు దొరకలేదు. ఆ ఆరు రాత్రులు నిద్ర సరిగ్గా పట్టలేదు.

శాశ్వతంగా మార్చినవి

196 హోల్డర్లూ మార్చాం. పాత బేకలైట్ హోల్డర్ల బదులు వైరుతోనే అచ్చుపోసిన రబ్బరు హోల్డర్లు. జాయింటుకు లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం. బల్బుకు దిగే వైరును హోల్డరుకు ముందు చిన్న వంకీ తిప్పి కట్టాం, నీటి చుక్క ఆ వంకీ దగ్గరే జారిపోతుంది. ఈ వంకీకి ఖర్చు లేదు, ఓపిక కావాలి. నేనూ నా హెల్పరూ 196 సార్లు చేశాం.

పెట్టెలో వైర్లు పైనుంచి వచ్చేవి, వాటిని కింది నుంచి గ్లాండ్ల ద్వారా తెచ్చాం. పగలు వేడికి పెట్టెలోని గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడితే చెమ్మ గాలిని లోపలికి పీల్చుకుంటుంది. ఎంత బిగించినా పీలుస్తుంది. అందుకే అడుగున నీళ్లు కారడానికి చిన్న రంధ్రం ఉంచాం. కాంటాక్టరు రెండు పోళ్లది వేశాం. రేపు మళ్లీ ఎవరైనా కోర్లు తారుమారు చేసినా రెండు వైర్లూ తెగుతాయి.

లైట్లను నాలుగు సర్క్యూట్లు చేసి ఒక్కోదానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీబీఓ (ఆర్‌సీసీబీ, ఎంసీబీ రెండూ కలిసిన స్విచ్) పెట్టాం. రెండిట్లో నాలుగేసి వరుసలు, రెండిట్లో మూడేసి. ఇప్పుడు ఒకటి పడితే పావు వంతు బల్బులే ఆరతాయి. ప్రతిదానికీ పెట్టె బయట ఒక ఎర్ర దీపం ఉంది, పడితే వెలుగుతుంది, రైతు ఇంటి నుంచి కనిపిస్తుంది.

జీఐ తీగలు పూర్తిగా తీసేసి పాలిస్టర్ తీగ వేద్దామని రైతు అడిగాడు. ఆలోచించి వద్దన్నాను. లోహం లేకపోతే లీకైన కరెంటుకు పోయే దారి ఉండదు, జాయింటు పాడైనా ఆర్‌సీబీఓకు తెలియదు. ఎర్త్‌కు బిగించిన తీగ పక్కనే ఉంటే మొదటి తడికే అది పడుతుంది. దీని మీద వేరే అభిప్రాయం ఉన్న మంచి ఎలక్ట్రీషియన్లు నాకు తెలుసు. నా మొగ్గు ఇటే.

మెయిన్ దగ్గర ఎర్త్ పిట్ 11 ఓమ్ చూపింది. ఆర్‌సీసీబీ పడటానికి ఇది చాలు. తడి చోట మనిషి ముట్టుకునే లోహానికి 25 వోల్టుల హద్దు పెట్టుకున్నా 30 మిల్లీ ఆంపియర్లకు 800 ఓమ్ దాకా పనిచేస్తుంది. కానీ ఆర్‌సీసీబీ లేకుండా ఎంసీబీని నమ్ముకుంటే? 230 వోల్టులకు 11 ఓమ్ మీద 21 ఆంపియర్లే పారుతుంది. సీ రకం 16 ఆంపియర్ల ఎంసీబీ వెంటనే పడాలంటే కనీసం 80 కావాలి. "ఎర్తింగ్ ఉంది కదా, ఎంసీబీ ఉంది కదా" అనేవాళ్లకు ఈ లెక్క చూపించండి.

అంతా అయ్యాక మళ్లీ ఒక రాత్రి అక్కడే ఉన్నాను. లైట్లు వేసి పెట్టి, మంచు బాగా పట్టిన అయిదున్నరకు నాలుగు సర్క్యూట్లూ కొలిచాను. ఒక్కోదానిలో ఒక మిల్లీ ఆంపియరు దరిదాపు. ఇది తడి లీకు కాదు, ఎర్త్‌కు కట్టిన తీగ పక్కన పొడవాటి వైరు పడుకుంటే ఉండేదే. మెగ్గర్‌లో అన్నిటికంటే తక్కువ వచ్చిన సర్క్యూట్ 6 మెగాఓమ్. తీగ మీద వోల్టేజి సున్నా. ఆరున్నరకు పనివాళ్లు వచ్చారు. ఆవిడ కూడా వచ్చింది, తీగ కిందికి వంగి వెళ్లింది తప్ప ముట్టుకోలేదు. ముట్టుకోమని నేనూ అనలేదు.

జనవరి మొదట్లో ఒక రాత్రి పదకొండున్నరకు రైతు ఫోన్ చేశాడు. "అన్నా, మూడో నంబరు పడ్డది. ఎత్తలేదు. పొద్దుగాల రా." వెళ్లాను. పన్నెండో వరుసలో అయిదో బల్బు దగ్గర హీట్ ష్రింక్ గొట్టం ఒక పక్క సరిగ్గా అతకలేదు, లోపల చెంచాడు నీళ్లు ఉన్నాయి.